చిన్న యింటిలో సామాను భద్రపఱచుట: ఒక గృహపాఠము

అన్నము, వస్త్రము, గృహము అను మూడును మనుష్యునకు ముఖ్యావసరములని మనము క్రింది తరగతులలోనే చదువుకొంటిమి. వీటిని సంపాదించుటకు ఎంత శ్రమ కలదో, సంపాదించినదానిని చెడకుండ నిలుపుకొనుటకు అంత శ్రద్ధ కావలెనని మాత్రము పాఠ్యపుస్తకములు తఱచుగా చెప్పవు. నెల యంతయు కష్టపడి తెచ్చిన బియ్యము పురుగుపట్టి పోయినయెడల ఆ యింటివారు పోగొట్టుకొన్నది బియ్యము మాత్రమే కాదు. ఆ బియ్యము కొఱకు పనిచేసిన దినములనుకూడ పోగొట్టుకొన్నవారగుదురు. కావున ఈ సంచికలో విద్యార్థినీ విద్యార్థులకును, వారి తలిదండ్రులకును ఉపయోగపడునట్లు, చిన్న యింటిలో తక్కువ ఖర్చుతో సామాను భద్రపఱచు విధమును గూర్చి కొన్ని సంగతులు వ్రాయ దలచితిమి.

1. పాత యిల్లును, క్రొత్త యిల్లును

మన తుక్కుగూడ హైదరాబాదునుండి శ్రీశైలమునకు పోవు రాజమార్గముమీద నున్నది. వెనుకటి కాలమున ఈ చుట్టుప్రక్కల గ్రామములు సేద్యముమీద బ్రదికినవి. ఆనాటి మట్టియిండ్లలో నేటి సౌకర్యములు లేకపోయినను, ఏ వస్తువు ఎచ్చట నుండవలెనో ఆ స్థలము మాత్రము ఏర్పడి యుండెను. మందమైన గోడలలో గూళ్లుండెను. దీపమున కొకటి, ఉప్పున కొకటి. దూలములపైన అటక యుండెను. వెదురుతో అల్లి, పేడయు మట్టియు కలిపి మెత్తిన గుమ్మిలో వడ్లును జొన్నలును నిలువ యుండెను. పాలు, పెరుగు, వెన్న ఉట్టిమీద నుండెను. ఉట్టి పిల్లికిని చీమకును అందదు. అంతేగాక నేలమీది స్థలమును అంగుళమైనను ఆక్రమింపదు.

2008వ సంవత్సరము మార్చి నెలలో శంషాబాదు విమానాశ్రయము తెఱవబడెను. ఔటరు రింగు రోడ్డు మన యూరి ప్రక్కగా వచ్చెను. పొలము లుండిన చోట్ల కర్మాగారములును గిడ్డంగులును లేచినవి. దూరపు జిల్లాలనుండి పనికొఱకు వచ్చిన కుటుంబములు ఒక్క గది అద్దెకు తీసికొని కాపురము చేయుచున్నవి. రాష్ట్ర ప్రభుత్వమువారు 2015వ సంవత్సరములో ఆరంభించిన రెండు పడకగదుల గృహములు మన మంఖాలు ప్రాంతమునను కట్టబడినవి. ఆ పథకములో ఒక్కొక్క గృహమునకు నిర్ణయించిన వైశాల్యము 560 చదరపు అడుగులు.

ఈ క్రొత్త యిండ్లలో గోడలు పలుచనివి, గూళ్లు లేవు, గుమ్మి నుంచుటకు చావడి లేదు, ఉట్టి వ్రేలాడదీయుటకు దూలము లేదు. ఇల్లు మాఱినది గాని, బియ్యమునకు చెమ్మయు పురుగును తగులు స్వభావము మాఱలేదు. పాత సాధనములు పోయినచోట క్రొత్త సాధనము లేర్పడకపోవుటయే మన యిబ్బందికి మూలము.

2. భద్రపఱచుట యన నేమి?

భద్రపఱచుట యనగా కంటికి కనబడకుండ దాచుట కాదు. చెడకుండ, మఱచిపోకుండ, అవసరమైన వేళకు చేతికి అందునట్లు ఉంచుటయే భద్రపఱచుట. దీనికి ముగ్గురు శత్రువులు కలరు. మొదటిది చెమ్మ; రెండవది పురుగును ఎలుకయు; మూడవది మఱపు. మొదటి రెంటిని అందఱు నెఱుగుదురు. మూడవదానిని ఎవరును శత్రువుగా నెంచరు. కాని చిన్న యింటిలో ఎక్కువ నష్టము కలిగించునది అదియే. డబ్బా వెనుక డబ్బా పెట్టినయెడల వెనుకనున్న మినుములు మఱచిపోవుదుము. మరల మినుములు కొందుము. ఆఱు నెలలకు మొదటివి పుచ్చి బయటపడును. ఒక వస్తువునకు రెండుమార్లు వెల యిచ్చి, ఒకమారైనను తినకపోవుట పొదుపు కాదు.

కావున ఇల్లు ఇరుకైనదని తోచినప్పుడు మొదట చేయవలసినది క్రొత్త పెట్టె కొనుట కాదు. ఉన్న సామాను నంతయు ఒకమారు బయట పెట్టి మూడు భాగములు చేయవలెను: ప్రతిదినము వాడునవి, ఏడాదిలో కొన్నిమార్లు వాడునవి, ఎన్నడును వాడనివి. మూడవ భాగములోనివి బాగుగ నున్నచో అవసరమైన వారి కియ్యవలెను. పాడైనవైనచో పాతసామాను కొనువానికి వేయవలెను. మూత లేని డబ్బాయు, డబ్బా లేని మూతయు మన యింట అద్దె యియ్యని అతిథులు.

షూనేములోని ఘనురాలు ఎలీషా ప్రవక్త కొఱకు మేడమీద కట్టించిన చిన్న గదిలో ఏమేమి యుంచెనో బైబిలు చదివినవా రెఱుగుదురు. ఒక మంచము, ఒక బల్ల, ఒక పీట, ఒక దీపస్తంభము. అంతమాత్రముతోనే ఆ గది దైవజనునకు చాలినదాయెను. గదిలో ఏది యుండవలెనో ఆమె ముందుగ ఆలోచించెను. అదియే చిన్న యింటికి మొదటి పాఠము.

3. నేల కొంచెమైనను గోడలు కలవు

పై తరగతుల విద్యార్థులకు తమ వంటయింటిని టేపుతో కొలిచి తెమ్మని మేము చెప్పుదుము. గణితశాస్త్రము నల్లబల్లమీదనే గాక పొయ్యిప్రక్కనుకూడ ఉన్నదని అప్పుడు వారికి తెలియును. దృష్టాంతముగా ఒక వంటయిల్లు 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు గలదనుకొందము. నేల 48 చదరపు అడుగులు. పొడవైన గోడ కొకదానికి అడుగు వెడల్పు గల అరలు మూడు వరుసలు అమర్చినచో 24 చదరపు అడుగుల స్థలము లభించును. అనగా వంటయింటి నేలలో సగము, అద్దె పెరుగకయే, మనకు దొరకినది.

మన ప్రాంతమున ఇట్టి అరలకు షాబాదు బండ మిక్కిలి అనుకూలమైనది. చెదలు పట్టదు, నీటికి ఉబ్బదు, తడిగుడ్డతో తుడిచిన శుభ్రమగును. అద్దెయింటిలో గోడకు గాడి కొట్టుటకు యజమాని ఒప్పుకొననియెడల ఇటుకలను రెండు వైపుల పేర్చి, వాటిపై పలక వేసి, మరల ఇటుకలు పేర్చి మఱియొక పలక వేయవచ్చును. మేకు అక్కఱలేదు, ఇల్లు మాఱునప్పుడు వెంట తీసికొనిపోవచ్చును. అయితే ఇట్టి అరలు నడుము ఎత్తునకు మించి పోరాదు. గోడకు బాగుగ ఆనుకొని యుండవలెను. పసిపిల్లలు పట్టుకొని ఎక్కకుండ చూడవలెను.

అరలమీద సామాను సర్దుటకు ఒక క్రమము కలదు. బరువైనవి క్రింద, ప్రతిదినము వాడునవి నడుమునకును కంటికిని మధ్య, పండుగలకు మాత్రము తీయు పెద్ద పాత్రలు పైన. తలుపు వెనుక స్థలము తఱచుగా వ్యర్థమగుచున్నది. పాత చీర ముక్కను నాలుగు మడతలు వేసి, దానిమీద సంచులు కుట్టి తలుపు వెనుక వ్రేలాడదీసినచో దువ్వెన, కత్తెర, దారము, మందుచీటి మొదలగునవి అన్నియు అందులో నిముడును. ఉల్లిగడ్డలకు గాలి కావలెను గనుక వాటిని మూతడబ్బాలో పెట్టరాదు. అల్లిక సంచిలో వేసి కొక్కెమునకు తగిలించుట మంచిది. పాత ఉట్టి ఈ రూపమున మరల మన యింటికి రావచ్చును. ఆలుగడ్డలను ఉల్లిగడ్డలతో కలుపక వేఱుగా చీకటి చోట నుంచవలెను.

చిన్న వంటయిల్లు మన దేశమునకే ప్రత్యేకమని తలంపరాదు. 1926వ సంవత్సరములో జర్మనీ దేశపు ఫ్రాంక్‌ఫర్టు నగరములో శ్రామికులకు ఇండ్లు కట్టునప్పుడు మార్గరేటె లిహోట్‌స్కీ యను గృహశిల్పిని ఒక వంటయింటి నమూనా నేర్పఱచెను. దాని కొలత సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు మాత్రమే. వండు స్త్రీ ఎన్ని అడుగులు నడచునో లెక్కించి ఆమె ప్రతి వస్తువునకు చోటు నిర్ణయించెను. బియ్యము, పంచదార మొదలగువానికి పిడియు ముక్కును గల చిన్న అల్యూమినియపు సొరుగులు, ఒక్కొక్కదానిమీద పేరు. పిండికి మాత్రము పురుగు చేరకుండ ఓకు కఱ్ఱ సొరుగు. అట్టి వంటయిండ్లు ఆ నగరమున సుమారు 10,000 కట్టబడెను. అంత సామగ్రి మనకు లేదు. కాని నడచిన అడుగులు లెక్కించుటకు డబ్బు అక్కఱలేదు. పేరు వ్రాసి అంటించుటకు ఒక కాగితపు ముక్క చాలును.

4. బియ్యము: 2025వ సంవత్సరపు పరీక్ష

2025వ సంవత్సరము ఏప్రిల్ నెలనుండి తెలంగాణలో ఆహారభద్రతా కార్డు గలవారికి మనిషికి నెలకు 6 కిలోల చొప్పున సన్నబియ్యము పంచుట ఆరంభమాయెను. ఆ సంవత్సరమే జూన్ నెలలో, వానకాలమును దృష్టియందుంచుకొని, మూడు నెలల బియ్యమును ఒక్కమారుగ ఇచ్చిరి. మనిషికి 18 కిలోలు. అయిదుగురు గల కుటుంబమునకు 90 కిలోలు. ఒకే గది గల యింటికి, వానలు మొదలగు వేళ, 90 కిలోల బియ్యము వచ్చినది! ఇది వరమే, కాని వరమునుకూడ నిలుపుకొను నేర్పు కావలెను.

మొదట లెక్క చూతము. కిలో బియ్యము సుమారు లీటరుంబావు స్థలము పట్టును. 90 కిలోలకు సుమారు 112 లీటర్లు కావలెను. పదునైదు కిలోల నూనె వచ్చు రేకుడబ్బా 16 లీటర్లకు కొంచెము పైగా పట్టును. కావున ఏడు డబ్బాలు చాలును. డబ్బా వెడల్పు పది అంగుళములకు మించదు గనుక ఏడు డబ్బాలును ఒక వరుసలో ఆఱడుగుల లోపల నిముడును. అనగా సాధారణమైన మంచము క్రింద! మంచము పొట్టిదైనచో నాలుగు కోళ్ల క్రిందను గట్టి యిటుకలు కదలకుండ అమర్చి ఎత్తు పెంచుకొనవచ్చును. హోటళ్లవారును మిఠాయి అంగళ్లవారును ఇట్టి ఖాళీ డబ్బాలను తక్కువ వెలకు అమ్ముదురు. వాటిని వేడినీటితోను సబ్బుతోను కడిగి, జిడ్డు వాసన పోవువఱకు ఎండలో నుంచి, పదునైన అంచులను సరిచేయించి వాడవలెను.

ఒక్క పెద్ద పీపాకంటె ఏడు చిన్న డబ్బాలు మేలు. పీపాను దినమునకు రెండుమార్లు తెఱచినప్పుడెల్ల వానగాలి లోపలికి పోవును. ఒక మూల పురుగు పుట్టినచో అంతయు వ్యాపించును. డబ్బాలైనచో ఒకటి తెఱచియుండగా తక్కిన ఆఱును మూసియుండును. ఒకటి చెడినను ఆఱు నిలుచును.

బియ్యమును పట్టు ముక్కపురుగు గింజకు రంధ్రము చేసి, లోపల గ్రుడ్డు పెట్టి, ఆ రంధ్రమును మూసివేయును. పిల్లపురుగు గింజ లోపలనే పెరుగును. వెచ్చని వానకాలములో సుమారు ఒక నెలకు అది పెద్దదై బయటికి వచ్చును. కావున తెచ్చిన దినమున శుభ్రముగా కనబడిన బియ్యములో నెల తరువాత పురుగు కనబడినచో ఆశ్చర్యపడ నక్కఱలేదు; అది బయటనుండి వచ్చినది కాదు, లోపలనే యుండినది. దీనినిబట్టి కొన్ని నియమము లేర్పడుచున్నవి.

మొదటి నియమము: బియ్యము రాగానే జల్లించి, నీడలో చాపమీద పలుచగా ఆరబోయవలెను. తీక్ష్ణమైన ఎండలో పోసినచో గింజ పగిలి నూక యగును. పంటిక్రింద గింజ టక్కున విఱిగినచో అది ఎండినది; మెత్తగా నలిగినచో ఇంకను చెమ్మ కలదు.

రెండవ నియమము: డబ్బాను అంచువఱకు నింపి గట్టిగా మూత పెట్టవలెను. లోపల గాలి ఎంత తక్కువ యుండునో పురుగు బ్రదుకుట అంత కష్టము.

మూడవ నియమము: పాత బియ్యముమీద క్రొత్త బియ్యము పోయరాదు. ముందు వచ్చినది ముందు వండవలెను. డబ్బామీద నెల పేరు వ్రాసినచో పొరపాటు కలుగదు.

నాలుగవ నియమము: డబ్బాలైనను సంచులైనను నేలకు తగిలి యుండరాదు. పలకలమీద పెట్టి గోడకు జానెడు ఎడముగా నుంచవలెను. పెద్ద గిడ్డంగులలోను ఇట్లే చేయుదురు.

అయిదవ నియమము: పదునైదు దినముల కొకమారు ప్రతి డబ్బాను చూడవలెను. పురుగు కనబడినచో బియ్యమును వెలుతురులో పలుచగా పఱచినచో పురుగులు తామే ప్రాకిపోవును. పిమ్మట జల్లించి, చక్కగా కడిగి వండవచ్చును. ముక్కవాసనయు బూజును లేనంతవఱకు ఆ బియ్యమును పాఱవేయ నక్కఱలేదు.

5. పప్పులు, చింతపండు, ఊరగాయలు

పప్పుధాన్యములను మంచి యెండలో ఆరబెట్టి, వేడి చల్లారిన తరువాత డబ్బాలలో పోయవలెను. వేడిమీద మూత పెట్టినచో లోపల చెమట పట్టును. కందిపప్పునకు కొంచెము ఆముదము పట్టించుట మన పెద్దల అలవాటు. నూనె పొర గింజను కప్పుటచే పురుగు గ్రుడ్డు పెట్టుటకును, పెట్టిన గ్రుడ్డు బ్రదుకుటకును వీలు తగ్గును. వేపాకును వాడువారు పచ్చి యాకును వేయరాదు. దానిలోని తడి ధాన్యమునకు చేరును. నీడలో ఎండించి వేయవలెను.

చింతపండును గింజలు తీసి, ఉప్పు కలిపి, జాడీలోనో మట్టికుండలోనో అదిమి పెట్టవలెను. పులుపు లోహమును తినును గనుక రేకుడబ్బాయు ఇత్తడి గిన్నెయు దీనికి పనికిరావు. ఊరగాయకును ఇదే నియమము. నూనె ముక్కలపైన తేలునంతగా నుండవలెను. ఆ నూనెయే గాలిని అడ్డగించు మూత. తడి గరిటె పెట్టిన దినమున బూజు మొదలగును.

వేరుసెనగ విషయమున మాత్రము మిక్కిలి జాగ్రత్త కావలెను. 1960వ సంవత్సరములో ఇంగ్లాండు దేశమున లక్షకు పైగా సీమకోళ్లు కారణము తెలియక చనిపోయినవి. విచారింపగా వాటి మేతలో కలిపిన వేరుసెనగ పిండిలోని బూజు అందులకు కారణమని తేలెను. ఆ బూజు పుట్టించు విషమునకు అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టిరి. అది కాలేయమును చెఱచును. వండినను పూర్తిగా నశింపదు. మన రాష్ట్రములోని పటాన్‌చెరువులో 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ సంస్థవారుకూడ ఈ విషమును గూర్చి పరిశోధించిరి. కావున బూజుపట్టిన పల్లీలను కడిగి పచ్చడి చేయుట పొదుపు కాదు. దానిని పశువులకుగాని కోళ్లకుగాని వేయుటయు దయ కాదు.

కూరగాయలకు చల్లని పెట్టె లేనివారు ఒక పెద్ద కుండలో చిన్న కుండ నుంచి, రెంటి మధ్య ఇసుక పోసి తడుపుచు, పైన తడిగుడ్డ కప్పవలెను. నీరు ఆవిరియగునప్పుడు లోపలి వేడిని తీసికొనిపోవును. నైజీరియా దేశములో మొహమ్మదు బా అబ్బా యను ఉపాధ్యాయుడు ఈ పద్ధతిని గ్రామములలో వ్యాపింపజేసి బహుమానము పొందెను. మన యెండకాలములో ఇది చక్కగా పనిచేయును. వానకాలపు తడిగాలిలో అంతగా పనిచేయదు.

6. జహీరాబాదు స్త్రీలు నేర్పు పాఠము

తక్కువ ఖర్చుతో భద్రపఱచుట యెట్లో చూపుటకు దూరదేశము పోనక్కఱలేదు. సంగారెడ్డి జిల్లా జహీరాబాదు ప్రాంతమున, పస్తాపూరు కేంద్రముగా, 1983వ సంవత్సరమునుండి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ యను సంస్థ గ్రామములలో స్త్రీల సంఘములను ఏర్పఱచెను. ఆ సంఘముల స్త్రీలలో ఎక్కువమంది పేద దళిత కుటుంబములవారు. వారు జొన్న, సజ్జ, కొఱ్ఱ, కంది మొదలగు విత్తనములను తమ యిండ్లలోనే బుట్టలలో పోసి, బూడిదయు ఎండిన వేపాకును కలిపి, పైన మట్టియు పేడయు మెత్తి నిలువ చేయుదురు. విత్తనము లేని పొరుగువారు వారియొద్ద విత్తనము తీసికొని, పంట వచ్చిన పిమ్మట కొంత ఎక్కువగా తిరిగి యిత్తురు. 2019వ సంవత్సరమున ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థవారు ఈ సొసైటీకి ఈక్వేటర్ బహుమాన మిచ్చిరి.

విద్యార్థులారా, ఇచ్చట రెండు సంగతులు గమనింపుడు. బుట్ట, బూడిద, వేపాకు, మట్టి: వీటిలో ఏదియు వెల పెట్టి కొనదగినది కాదు. రెండవది, వారు దాచినది తాళము వేయుటకు కాదు, ఇచ్చుటకు.

7. పొదుపు తగని చోట్లు

ప్రతి ఖాళీ డబ్బాయు మంచి డబ్బా కాదు. రంగుల డబ్బాలను, పురుగుమందుల డబ్బాలను ఎంత కడిగినను అన్నపానములకు వాడరాదు. వార్తాపత్రికలను అరలమీద పఱచవచ్చును గాని, వేడి బజ్జీలు చుట్టరాదు. అచ్చుసిరా ఆహారమున కంటును.

ఫినాయిలు, ఆసిడ్, కిరోసిను మొదలగువానిని శీతలపానీయపు సీసాలలో ఎన్నడును పోయరాదు. దాహముతో వచ్చిన పిల్లవానికి సీసా మాత్రమే తెలియును. లోపలి ద్రవ్యము తెలియదు. వీటిని పిల్లల చేతి కందని పై అరలో, ఆహారమునకు దూరముగా, మొదటి సీసాలోనే యుంచవలెను.

బియ్యములో బోరిక్ పొడి కలుపుట కొందఱి అలవాటు. అది ఆహారములో కలుపదగినది కాదు. అంతకంటె భయంకరమైనవి ధాన్యపు గిడ్డంగులలో వాడు అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్లలు. గాలిలోని చెమ్మ తగులగానే అవి ఫాస్ఫీను అను విషవాయువును విడుచును. మనుష్యులు నిద్రించు ఇంటిలో వాటిని పెట్టుటవలన నిండు ప్రాణములు పోవును. ఎవరు తెచ్చి యిచ్చినను వాటిని ఇంటిలోనికి రానీయకుడి.

వంటగ్యాసు గాలికంటె బరువైనది. కారినచో నేలమీదనే నిలుచును. కావున సిలిండరును నిలువుగా, గాలి వచ్చు చోట నుంచవలెను. దానిచుట్టు సంచులు, కాగితములు, నూనె డబ్బాలు పేర్చరాదు. స్థలము మిగుల్చుటకై కిటికీకి అడ్డముగా అర పెట్టుట ప్రాణమునకు అడ్డము పెట్టుటయే.

8. బట్టలు, పుస్తకములు, పత్రములు, నీరు

చలికాలపు బట్టలను ఉతికి, బాగుగ ఎండించి, దిండు గలీబులో కుక్కినచో అదియే దిండగును. పాతబట్టలతో కుట్టిన బొంతను పగలు మడిచి మంచముమీద వేసినచో కూర్చుండుటకు మెత్తగా నుండును. పండ్ల అంగడిలో దొరకు చెక్కపెట్టెను నున్నగా గీకి, నిలువుగా నుంచినచో విద్యార్థికి పుస్తకముల అర. బోర్లించినచో వ్రాత బల్ల.

2020వ సంవత్సరము అక్టోబరులో కురిసిన కుంభవృష్టికి హైదరాబాదు దక్షిణ భాగమున చెఱువులు తెగి అనేకుల యిండ్లలో నీరు ప్రవేశించెను. అట్టి వేళ బియ్యము పోయినచో మరల తెచ్చుకొనవచ్చును; పరీక్షల పట్టాలు, భూమి పత్రములు, జనన పత్రము పోయినచో తిరిగి పొందుట కష్టము. ఇవన్నియు ఒకే ప్లాస్టికు సంచిలో చుట్టి, ఒకే రేకుపెట్టెలో, తల యెత్తుకంటె పైన నుంచవలెను. ఇంటిలోని ప్రతివారికిని, పదేండ్ల పిల్లకుసహా, ఆ పెట్టె యెచ్చట నున్నదో తెలిసియుండవలెను.

నిలువ నీటికి మూత లేనిచో డెంగ్యూ దోమ అందులో గ్రుడ్లు పెట్టును. వారము పది దినములలో క్రొత్త దోమలు లేచును. కావున వారమున కొకమారు పాత్రలన్నియు వొంచి, తోమి, ఎండబెట్టవలెను. ఆరోగ్యశాఖవారు ఇందుకై శుక్రవారమును నిర్ణయించిరి.

9. ఇది ఎవరి పని?

ఇంటిని చూచి ఇల్లాలిని చూడుమని సామెత. ఈ సామెత సగము నిజము. అర ఎత్తుగా బిగించినది తండ్రి. పుస్తకములు నేలమీద విసరినది కుమారుడు. నింద మాత్రము తల్లికి! విమానాశ్రయములోనో కర్మాగారములోనో రాత్రిపనికి పోయి వచ్చిన తల్లి ఇంటిలో మరల పదిమంది పని చేయజాలదు. తీసినవాడే తీసినచోట పెట్టుట అను ఒక్క నియమమును ఇంటిల్లపాదియు పాటించినచో చిన్న యింటిలో సగము ఇరుకు తీఱును. మగపిల్లలకు ఇది తగదని తలంచు తలిదండ్రులకు మా మనవి: మా పాఠములో బాలురును బాలికలును సమానముగా బియ్యము జల్లింతురు.

10. దాచుటయు, కూడబెట్టుటయు

అరణ్యములో ఇశ్రాయేలీయులు మన్నాను మఱునాటికి మిగుల్చగా అది పురుగుపట్టి కంపుకొట్టెను. ఐగుప్తులో యోసేపు సమృద్ధి సంవత్సరములయందు పంటలో అయిదవ భాగము దాచగా అది కరవునాటికి దేశములను బ్రదికించెను. రెండును దాచుటయే, భేదమేమి? మొదటిది రేపు దేవుడు చూచునను నమ్మిక లేక దాచినది. రెండవది రాబోవు ఆకలిని తలంచి పదిమంది కొఱకు దాచినది. అయిదువేలమందికి ఆహారము పెట్టిన ప్రభువు మిగిలిన ముక్కలను వ్యర్థముగా విడువక ఏరుమని శిష్యులతో చెప్పెను; పండ్రెండు గంపలు నిండెను. సమృద్ధిగా ఇచ్చినవాడే ముక్కలనుకూడ లెక్కించెను. ఆయన దృష్టిలో ధారాళమును పొదుపును పరస్పర విరోధులు కావు.

మీ యింటి ఏడు డబ్బాలలో ఆఱు మీవి. ఏడవదానిలోనుండి, పొరుగు గదిలో జీతము ఆలస్యమైన కుటుంబమునకు రెండు శేర్లు కొలువగలిగినచో మీరు భద్రపఱచుట యను పాఠమును పూర్తిగా నేర్చినవారగుదురు. పురుగుపట్టి పాఱవేసిన బియ్యమును ఎవరికిని ఇయ్యలేము. మంచిగా నిలిపినదానినే ఇయ్యగలము. చిన్న యింటిలో క్రమము కావలెననుటకు మాకు తెలిసినంతలో ఇంతకంటె గొప్ప కారణము లేదు.

అభ్యాసములు

1. మీ వంటయింటి నేల వైశాల్యమును, ఒక గోడకు మూడు వరుసల అరలు అమర్చినచో లభించు స్థలమును లెక్కింపుము.

2. మీ కుటుంబమునకు నెలకు కావలసిన బియ్యము ఎన్ని కిలోలు? దానికి ఎన్ని లీటర్ల డబ్బాలు కావలెను?

3. పాత బియ్యముమీద క్రొత్త బియ్యము ఏల పోయరాదు? ముక్కపురుగు జీవితక్రమమునుబట్టి వివరింపుము.

4. మీ యింటిలో పిల్లల చేతి కందు ఎత్తున విషద్రవ్యము లేవైన నున్నవేమో నేటి సాయంకాలమే చూచి, తలిదండ్రుల సహాయముతో స్థలము మార్పుము.

5. మీ అవ్వనుగాని తాతనుగాని అడిగి, వారి చిన్ననాట ధాన్యము నిలువచేసిన విధమును పది వాక్యములలో వ్రాసికొని రమ్ము.